నలభై ఒకటో నంబరు పళ్లు

తార్నాక, యూనివర్సిటీ క్వార్టర్స్
6 ఆగస్టు 1967

మామకు శారద నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మీ ఉత్తరం కోసం ఎదురుచూసి చూసి, నువ్వే రాయి అని పెన్ను నా చేతిలో పెట్టింది. నాన్న పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు అయ్యాక మరీ నిప్పులాంటి మనిషి అయిపోయారు. ఆఫీసు పెన్సిలు పొరపాటున జేబులో ఇంటికొస్తే, చెప్పులు తొడుక్కుని మళ్లీ క్యాంపస్ దాకా నడిచి అక్కడ పెట్టి వస్తున్నారు.

ఇక అసలు సంగతి. మామా, మీ నోట్లో ఇప్పుడు పళ్లు ఎన్ని మిగిలాయి? పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్న కాదని తెలుసు. కానీ నా చదువంతా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. పోయినసారి మీరు వచ్చినప్పుడు ముందువి రెండు ఊగుతున్నాయన్నారు. అవి కూడా ఊడిపోయి ఉంటే నా అంత అదృష్టవంతురాలు లేదు.

కోప్పడకుండా చదవండి. మా డెంటల్ కాలేజీలో ఆఖరి సంవత్సరం పరీక్షకు ఎవరి రోగిని వాళ్లే తెచ్చుకోవాలి. కట్టుడు పళ్ల ప్రాక్టికల్‌కు కావలసింది ఒక్క పన్ను కూడా లేని నోరు. ఈ ఊళ్లో ముసలివాళ్లకు కొదవ లేదు గానీ, ప్రతి ఒక్కరికీ ఎక్కడో మూల ఒక పన్ను ఉంటుంది, దాన్ని వదలరు. అందుకని పూర్తి బోసినోరు ఉన్నవాళ్లకు పరీక్షల ముందు కొత్తల్లుడి మర్యాదలు జరుగుతాయి. మౌలాలిలో బుచ్చిరాములు అని, రైల్వేలో చేసి రిటైరైన ఆయన ఉన్నాడు. ఆయన నోరు మా కాలేజీలో ప్రసిద్ధం. మార్చి పరీక్షకు నెల ముందే ఆయన్ను మాట్లాడుకున్నాను. ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ ఉప్మా చేసి పెట్టింది. తీరా పరీక్ష రోజు పొద్దున చూస్తే, అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండే ఒక అబ్బాయి ముందు కుర్చీలో ఈయన నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆ అబ్బాయి ముందురోజు బిర్యానీ పెట్టించాడట. ఎగ్జామినరు గారు వచ్చి నా ఖాళీ కుర్చీని చూసి, ఖాళీ కుర్చీకి తగిన మార్కులే వేసి వెళ్లారు.

అక్టోబరులో మళ్లీ పరీక్ష. ఈసారి కూడా తప్పితే డాక్టరు చదువు చాలించి టైపు నేర్చుకోమని నాన్న చెప్పేశారు. మీరు వచ్చి రెండు వారాలు ఉంటే చాలు. నాకు డిగ్రీ వస్తుంది, మీకు పళ్లు వస్తాయి. అత్తకు నమస్కారాలు చెప్పి, ఆమె మొహం చూడకుండా ఈ ఉత్తరం చదివి వినిపించండి.

మీ మేనకోడలు
శారద

బనగానపల్లె
15 ఆగస్టు 1967

చిరంజీవి శారదకు మామ ఓబులేసు ఆశీర్వదించి రాసేది.

పొద్దున బడిలో జెండా పండగకు పోయి, వాళ్లిచ్చిన గట్టి చక్కెర బిళ్లను జేబులోనే ఉంచుకుని ఇంటికొచ్చి ఈ జాబు రాస్తున్నాను. ముప్పై నాలుగేండ్లు హెడ్మాస్టరుగా, మాస్టరుగా చేసినా. ఇన్నాళ్లూ నాలో ఉన్న విద్య యూనివర్సిటీకి పనికొస్తుందని ఎవరూ అడగలేదు. నాలో లేనిదాని కోసం అడిగిన మొదటి మనిషివి నువ్వే. సంతోషించినాను.

ఊగుతా ఉండిన రెండూ ఉగాదికి ముందొకటి, వెనకొకటి పోయినాయి. కింద ఎడమపక్క మూలలో ఒక దవడపన్ను మాత్రం ఉండె. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే నంద్యాల పోయి దాన్ని పెరికించుకున్నాను. గట్టి పన్ను, నాతో పాటు కాటికి రావాలని కూర్చున్నది. డాక్టరు ఎందుకయ్యా మంచిదాన్ని పీకించుకుంటావు అన్నాడు. మా మేనకోడలి పరీక్షకు అడ్డమొస్తా ఉందని చెప్పినా. ఆయన నన్ను తలకాయ డాక్టరు దగ్గరికి పంపాలని చూసినాడు.

నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటుంది. ఐదేండ్లుగా నేను ఏ పెండ్లిలోనూ భోజనానికి కూర్చోలేదు. బంతిలో పెద్దాయన లేవకుండా ఎవరూ లేవరు గదా. నేను ఒక వడ నమిలేలోపల వరసంతా పెరుగన్నం కానిచ్చి, ఎండిపోయిన చేతులతో నా విస్తరి వైపు చూస్తా ఉంటారు. ఆ చూపులకు గొంతు దిగేది కూడా దిగదు. అందుకని కడుపు బాగలేదని చెప్పి ఇంటికొచ్చి సంగటి మింగుతాను. రాబోయే వైశాఖంలో మా చిన్నోడు సుంకన్న పెండ్లి చేయాలని ఉంది. ఆ బంతిలో పెండ్లికొడుకు తండ్రిగా కూర్చొని, అందరితో పాటు తిని, అందరితో పాటు లేయాల. అదొక్కటే నా కోరిక. దానికి పండ్లు కావాల.

మీ అత్త నీ ఉత్తరం విని, ఇన్నాళ్లకు ఈ నోటితో ఒకరికి ఉపకారం జరుగుతుంది అన్నది.

ఓబులేసు

తార్నాక
3 సెప్టెంబరు 1967

మామకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి అమ్మ ఏడ్చింది. నేను క్యాలెండరు చూశాను. పన్ను తీసిన చోట చిగురు మానడానికి ఆరేడు వారాలు కావాలి. పరీక్ష అక్టోబరు ఇరవై మూడున. సరిగ్గా సరిపోతుంది. గట్టి పన్నును పీకించుకున్నందుకు డాక్టరుగా మిమ్మల్ని తిట్టాలి. పరీక్ష తప్పిన పిల్లగా మీ కాళ్లకు మొక్కుతున్నాను.

అక్టోబరు ఆరుకల్లా రండి. కాచిగూడ స్టేషనుకు నేను వస్తాను. ముందు అచ్చులు తీస్తాను, తర్వాత దవడల కొలత, ఆ తర్వాత మైనం మీద పళ్లు పేర్చడం. పరీక్ష రోజున ఆ మైనం పళ్లను మీ నోట్లో పెట్టి చూపించాలి. పరీక్ష కాగానే ఆ మైనం స్థానంలో గులాబీరంగు అక్రిలిక్ పోసి ఉడికించానంటే గట్టిపడి అసలు సెట్టు తయారవుతుంది. పది రోజుల పని.

ఒక్క జాగ్రత్త. మీ నోరు ఎవరికీ చూపించకండి. రైల్లో ఆవలింత వస్తే చెయ్యి అడ్డం పెట్టుకోండి. మా కాలేజీ గేటు దగ్గర పరీక్షల ముందు కుర్రాళ్లు నిలబడి ముసలివాళ్లను నవ్విస్తుంటారు. నవ్వితే లోపల ఎన్ని ఉన్నాయో తెలిసిపోతుంది. ఎవరైనా టీ ఇప్పిస్తామంటే మీరు చెవిటివారైపోండి.

బంతి సంగతి నాకు వదిలేయండి. సుంకన్న బావ పెళ్లిలో మీరు వడలే కాదు, చేగోడీలు కూడా కరకరా నములుతారు. ఇది నా మాట.

శారద

బనగానపల్లె
5 నవంబరు 1967

చిరంజీవి శారదకు,

క్షేమంగా ఇల్లు చేరినాను. మీ అమ్మ కట్టించిన సున్నుండలు ద్రోణాచలం రాకముందే అయిపోయినాయి. మీ నాన్న నాగేంద్ర స్టేషనుకు వచ్చి, ఆఫీసు టయిమని రైలు కదలకముందే వెళ్లిపోయినాడు. తప్పుపట్టడం లేదు. ఎవరి టయిముకు వాళ్లు ఉండాల.

పరీక్ష రోజు నువ్వు లోపల సామాన్లు సర్దుకుంటున్నప్పుడు బయట బెంచీ మీద జరిగింది నీకు చెప్పలేదు. నా పక్కన బుచ్చిరాములు కూర్చున్నాడు. నిన్ను ముంచిన మనిషి గదా అని మొహం తిప్పుకున్నా. ఆయనే పలకరించి, నేను కొత్తవాణ్నని తెలుసుకుని, ఎగ్జామినరు దవడ పట్టుకున్నప్పుడు మెడ ఎట్లా వదులు చేయాల, వాంతి వచ్చేటట్టుంటే కాలి బొటనవేలు ఎట్లా ఎత్తాల అని అన్నీ నేర్పినాడు. ఎన్నోసారి రావడం అని అడిగితే చెప్పినాడు: "ఏడుసార్లు పాసైన సారూ. ఒక్కపారి గూడ ఫేల్ కాలె. పండ్లు మాత్రం ఎన్నడు రాలె. మైనంల పెట్టి సూపిస్తరు, తీస్కపోయి అల్మారీల పెడ్తరు."

నాకు జాలేసింది. నా డాక్టరు బయటిమనిషి కాదు, నా సొంత చెల్లెలు అన్నపూర్ణ కూతురని చెప్పినా. ఆయన నా వైపు ఒకసారి చూసినాడు. బీడీ ముట్టించుకున్నాడు.

నువ్వు మైనం పండ్లు నా నోట్లో పెట్టి అద్దం చేతికిచ్చినప్పుడు, అందులో ఉద్యోగంలో చేరిన నాటి ఓబులేసు కనిపించినాడు. బుగ్గలు మళ్లీ మొహానికి వచ్చినాయి. కండ్లలో నీళ్లు తిరిగితే నువ్వు నొప్పా మామా అంటివి. నొప్పి కాదమ్మా, సంతోషం. అంత సంతోషం ఈ మధ్య నాకు కలగలేదు.

బొంబాయి నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి రెండు వేళ్లతో నా పెదవి ఎత్తి చూసి, ఇంగ్లీషులో ఏదో గొణిగి, రాసుకుని పోయినాడు. నేను నమస్కారం పెట్టినా చూడలేదు. ఆయన చూపంతా నువ్వు పేర్చిన పండ్ల మీదే. పోనీలే, ఆయన వచ్చింది వాటి కోసం. కానీ అటెండరు ఎంకన్న వచ్చి వాటిని నా నోట్లో నుంచి తీయించి, అట్టపెట్టెలో పెట్టి, లక్క ముద్ర వేసి, నలభై ఒకటి అని నీ నంబరు రాసుకుని పోతుంటే, అద్దం ఇంకా నా చేతిలోనే ఉంది. అప్పుడు కొంచెం బాధయింది.

పార్సెలు ఎప్పుడు పంపుతావు? ఇక్కడి పోస్టుమాస్టరు నా దగ్గర చదివినవాడే. జాగ్రత్తగా తెచ్చి ఇస్తాడు.

ఓబులేసు

తార్నాక
2 డిసెంబరు 1967

మామకు వేయి నమస్కారాలు.

నేను పాసయ్యాను. కట్టుడు పళ్లలో ఫస్టుక్లాసు. ఎగ్జామినరు గారు మీ నోటిని మెచ్చుకున్నారని మా ప్రొఫెసరు చెప్పారు. ఇంత చక్కటి చిగుళ్ల గట్టు ఈ మధ్య చూడలేదట. జనవరి నుంచి హౌస్ సర్జన్ని. నాన్న ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచి, మీ పేరు కూడా చెప్పారు.

పళ్ల గురించి బుచ్చిరాములు చెప్పింది పాత సంగతి. ఇప్పుడు అల్మారీలో పెట్టడం లేదు. ఈ సంవత్సరం నుంచి యూనివర్సిటీ కొత్త రూలు తెచ్చింది. పరీక్షలో అభ్యర్థి ఏది తయారు చేసినా అది జవాబు పత్రం కిందే లెక్క. జవాబు పత్రాలను ఆరు నెలలు భద్రపరచాలి. కాబట్టి మీ పళ్లు ఇప్పుడు క్యాంపస్‌లో, పరీక్షల విభాగం వెనక స్టోరు గదిలో ఉన్నాయి. ఒకపక్క ఫిజిక్సు కట్టలు, ఇంకోపక్క తత్వశాస్త్రం కట్టలు, మధ్యలో మీరు.

స్టోరు గది నాన్న విభాగంలోదే. ఇంకేం, సాయంత్రానికి ఇంటికి తెస్తారనుకున్నాను. నాన్న అన్నం ముందు నుంచి లేచి నిలబడి, "బావగారి పళ్లు కాబట్టే నేను ఆ ఫైలు ముట్టుకోకూడదు" అన్నారు. ముట్టుకోవాల్సిన రెండో ఆయన సెలవులో ఉన్నారు. పైవాళ్లకు మీ పేరున ఒక అర్జీ పంపితే కదులుతుందేమో చూద్దాం. కదలకపోయినా ఏప్రిల్ ఇరవై మూడుకు ఆరు నెలలు నిండుతాయి. పెళ్లి వైశాఖంలో కదా, పది రోజుల్లో గట్టి సెట్టు చేసి పంపుతాను.

మీ డాక్టరు
శారద

బనగానపల్లె
20 డిసెంబరు 1967

చిరంజీవి డాక్టర్ శారదకు,

నీ జాబు చేతపట్టుకుని బజారంతా తిరిగినాను. ఫస్టుక్లాసు నీదే అయినా, చిగుళ్ల గట్టు నాదని చెప్పకుండా ఉండలేకపోయినా.

అర్జీ దీంతో జతపరిచినాను. ఇందులో ఆ పండ్లు నా నోటి కొలతకు చేసినవని, ఇంకెవరి నోటికీ సరిపోవని, యూనివర్సిటీ వారు వాటిని ఏ విధంగానూ వాడుకోలేరని, కాబట్టి నాకు ఇప్పించవలసిందని మర్యాదగా రాసినాను. ముప్పై నాలుగేండ్లు ఇతరుల అర్జీలు తిప్పి పంపినవాణ్ని. తిప్పి పంపడానికి వీల్లేని అర్జీ ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

సుంకన్నకు సంబంధం కుదిరింది. కోయిలకుంట్ల మద్దిలేటి కూతురు. ఆయన మోతుబరి, మంచివాడు, మాటకారి గాదు. నిశ్చయం నాడు భోజనానికి కూర్చోమంటే ఉపవాసమని తప్పించుకున్నాను. తమాషా ఏమంటే, ఆయన కూడా ఆ రోజు ఉపవాసమే అన్నాడు. పెండ్లి మే నెల పదిహేడున.

ఇంకొక మాట, నొచ్చుకోవద్దు. మేనరికం కాదని బయటి పిల్లను తెచ్చుకున్నందుకు నాగేంద్రకు మనసులో కోపం ఉందని, అందుకే పండ్లు ఆపి కూర్చున్నాడని మీ అత్త అనుమానం. నేను కాదన్నాను. కానీ ఒకే మాట రోజూ వింటే ఏదో నిజమే అనిపిస్తుంది. నువ్వే చెప్పు.

ఓబులేసు

తార్నాక
11 ఫిబ్రవరి 1968

మామకు,

సుంకన్న బావను చేసుకోవాలని నాకు గానీ, నన్ను చేసుకోవాలని ఆయనకు గానీ ఎన్నడూ లేదు. చిన్నప్పుడు నా పలక పగలగొట్టిన మనిషి. నాన్నకు కోపం లేదని అత్తకు చెప్పండి. కోపం ఉంటే ఎప్పుడో కరిగేది. ఆయనకు ఉన్నది నిజాయితీ, అది కరగదు.

మీ అర్జీ తిరిగి వచ్చింది. రోగి అభ్యర్థి కాదు కనుక జవాబు పత్రం అడిగే హక్కు లేదట. అభ్యర్థి పాసైంది కనుక ఆమెకు ఫిర్యాదు ఉండకూడదట. పళ్లు కాలేజీ స్టోరువి, మైనం కాలేజీది, ఇందులో రోగిది ఏముందని అడిగారు. నోటి కొలత ఆయనదే అని నేను రాశాను. 'నోరు జతపరచలేదు' అని రిమార్కు వేసి తిప్పి పంపారు. నాన్న ఆ రిమార్కు చదివి, రూలు ప్రకారం సరిగ్గానే ఉందన్నారు.

ఆస్పత్రిలో ఊపిరాడటం లేదు. వారానికి ఆరు రోజులు డ్యూటీ. కోటు మీద పేరు కుట్టించుకున్నాను. అమ్మ దాన్ని రోజూ ఇస్త్రీ చేస్తోంది. తీరిక చూసుకుని మళ్లీ రాస్తాను.

డా. శారద

బనగానపల్లె
18 మార్చి 1968

చిరంజీవి శారదకు,

ఇంతకుముందు నీ జాబులు రెండు పేజీలు ఉండేవి. ఈసారి ఒకటే. డాక్టర్లు చీటీలు రాస్తారు, జాబులు రాయరు అని మీ అత్తకు సర్దిచెప్పినా.

నోరు జతపరచమన్నారు గదా, మనిషినే వచ్చి స్టోరు గది ముందు నోరు తెరుచుకుని నిలబడదామా అనుకున్నా. పెండ్లి పనులు వదలడం లేదు. అందుకని ఒక పని చేసినాను, తిట్టవద్దు. అహోబిలం తిరునాళ్లలో పండ్లు కట్టేవాడు ఒకడు కూర్చున్నాడు. ముందు గుడ్డ పరిచి తయారు సెట్లు వరసగా పెట్టినాడు. గాజుల అంగట్లో మాదిరి ఒక్కొక్కటి నోట్లో పెట్టి చూస్తాడు. మూడోది దాదాపు సరిపోయింది. సరిపోని చోట నోరే సర్దుకుంటుందన్నాడు. పెట్టుకుని రెండు గంటలు కూర్చుంటే చిగుళ్లు మండుతాయి. పైది మాట్లాడినప్పుడు జారుతుంది, అందుకని తక్కువ మాట్లాడుతున్నా. మీ అత్త ఆ సెట్టు బాగుందంటోంది.

నీ మీద నమ్మకం లేక తీసుకోలేదు. యూనివర్సిటీ మీద లేక తీసుకున్నా. ఒకటి అడుగుతాను. ఆ నలభై ఒకటో నంబరును వాళ్లనే ఉంచుకోనియ్. నువ్వే నాకు ఇంకో సెట్టు చేయలేవా? ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి రెండు వారాలు కూర్చుంటాను. పెండ్లి పనులు మీ అత్త చూసుకుంటుంది. వెంటనే జవాబు రాయి.

ఓబులేసు

తార్నాక
27 ఏప్రిల్ 1968

మామకు,

ఉత్తరం అందింది. డ్యూటీల వల్ల ఆలస్యమైంది. రోడ్డు పక్కన దొరికే సెట్లు చిగుళ్లకు హానికరం. పుండ్లు పడతాయి. వెంటనే మానేయండి. చదువుకున్న మీరే ఇట్లా చేస్తే మామూలు జనానికి ఏం చెబుతాం?

ఇరవై మూడున ఆరు నెలలు నిండాయి, పెట్టె ఇచ్చారు. స్టోరు గదికి పైన రేకులు. ఎండలకు మైనం మెత్తబడి కూలిపోయింది. పళ్లు ముద్దలో అటొకటి ఇటొకటి కూరుకుని ఉన్నాయి. దాన్ని ఉడికించినా మీ నోటికి రాదు. ముద్ర చెదరలేదు కాబట్టి, నలభై ఒకటో నంబరు జవాబు పత్రం సురక్షితంగా అప్పగించడమైనది అని నాన్న రిజిస్టరులో రాయించారు.

కొత్త సెట్టు ఇప్పుడు వీలుపడదు. కుర్చీలన్నీ పరీక్ష కేసులకు ఇచ్చేశారు. మామూలు రోగులకు చాలా వెయిటింగు ఉంది. అయితే ఒక మార్గం ఉంది. మా జూనియర్ అమ్మాయికి ఈ అక్టోబరు పరీక్షకు పేషెంటు కావాలి. మీ నోరు డిపార్టుమెంటులో అందరికీ గుర్తుంది. అప్పుడు వస్తే ఆమెకూ సాయం చేసినట్టవుతుంది, మీకూ పళ్లు వస్తాయి.

పెళ్లికి సెలవు దొరకలేదు. అమ్మా నాన్నా వస్తారు. బంతిలో మెత్తటి పదార్థాలు మాత్రమే తీసుకోండి.

డా. శారద

బనగానపల్లె
22 మే 1968

చిరంజీవి శారదకు ఆశీస్సులు.

పెండ్లి బాగా జరిగింది. మీ అమ్మ నిన్న మొన్నటి దాకా ఉండి, పోయేటప్పుడు కొత్త కోడలికి తన గాజులు తొడిగిపోయింది. మీ నాన్న కానుకలు చదివించేచోట కూర్చుని, అంతా వరస ప్రకారం రాయించినాడు. మనిషి మంచివాడే.

నువ్వు వద్దన్న సెట్టు పెట్టుకునే బంతిలో కూర్చున్నాను. ఇంకేం చేయమంటావు? పెండ్లికొడుకు తండ్రి ఉపవాసమంటే ఆడపెండ్లివాళ్లు ఏమనుకుంటారు? పక్కనే వియ్యంకుడు మద్దిలేటి. ఎదురుగా రెండు వరసల్లో రెండు ఊర్ల పెద్దలు. మొదటి వడ కొరికేసరికి కింద చిగురులో ఉన్న పుండు మీద పడింది. కండ్లలో నీళ్లు ధారగా కారినాయి. నోరు తెరిస్తే పైది జారి విస్తట్లో పడుతుంది. అందుకని నోరు మూసుకుని ఏడుస్తా కూర్చున్నా.

పెండ్లికూతురి అన్న అది చూసినాడు. పప్పులో లోపమేమో అని నెయ్యి తెచ్చి పోసినాడు. నేను తల అడ్డంగా ఊపితే, వడలు చాలలేదనుకుని ఇంకో నాలుగు వేయించినాడు. మగపెండ్లివారి పెద్దాయన అలిగినాడని వరస చివరిదాకా మాట పాకింది. వంటవాణ్ని పిలిపించినారు. లోపల ఆ పిల్ల తల్లి, మేము చేసిన తప్పేమిటని ఏడ్పు మొదలుపెట్టింది. ఇంకొక నిమిషమైతే పెండ్లి పెటాకులయ్యేది.

అప్పుడు మద్దిలేటి నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు: "తీసేయ్ బావా. నేను తీసేసినా." చూస్తే ఆయన ఒడిలో తుండుగుడ్డలో ఒక సెట్టు. అదే తిరునాళ్ల సరుకు, నాదానికి కవల పిల్ల మాదిరి ఉంది. నిశ్చయం నాటి ఆయన ఉపవాసం అప్పుడు అర్థమయింది. ఇద్దరం విస్తర్ల పక్కన రెండు సెట్లు పెట్టి, పెరుగన్నం పిసుక్కుని నిదానంగా తిన్నాము. రెండు ఊర్ల జనం చేతులు ఎండగట్టుకుని మా కోసం కూర్చున్నారు. ఇద్దరు వియ్యంకులూ లేవందే లేచేదెట్లా? ఐదేండ్లుగా ఏ చూపులకు భయపడి ఇంట్లో కూర్చున్నానో, ఆ చూపులన్నీ ఒకేసారి పడినాయి.

తింటా తింటా మద్దిలేటి అడిగినాడు, నీ మేనకోడలు హైదరాబాదులో పండ్ల డాక్టరంట గదా బావా, మనలాంటోళ్లకు పండ్లు కడుతుందా అని. ఫస్టుక్లాసులో పాసయిందని చెప్పినా.

మీ జూనియర్ పిల్లకు ఇంకెవరినైనా చూసుకోమను. నేను ఒకసారి పాసయినా, చాలు.

ఓబులేసు

తార్నాక
29 మే 1968

మామకు శారద నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం ఆస్పత్రిలో చదివాను. మధ్యాహ్నం రోగుల ముందు కూర్చోబుద్ధి కాలేదు. సిగ్గేసింది. గట్టి పన్ను పీకించుకుని వచ్చిన మిమ్మల్ని మళ్లీ ఇంకొకరి పరీక్షకు రమ్మని రాసింది నేనే. ఆ ఉత్తరం రాసేటప్పుడు అది నాకు మంచి ఉపాయంగానే తోచింది. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా సిగ్గేస్తోంది.

జూన్ తొమ్మిదిన ద్రోణాచలంలో దిగుతాను. అచ్చుల ట్రేలు, ప్లాస్టరు, మైనం, పళ్లు, ఉడికించే ఇత్తడి అచ్చుపెట్టెలు అన్నీ తెస్తున్నాను. పెద్ద కాగు ఒకటి తోమించి పెట్టమని అత్తకు చెప్పండి. మీ పెరట్లో కట్టెల పొయ్యి మీదే ఉడికిస్తాను. మద్దిలేటి గారిని కూడా పిలిపించండి. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి ఇద్దరూ ఆ సెట్లు తీసేసి, రోజుకు మూడుసార్లు ఉప్పునీళ్లు పుక్కిలించండి. నేను వచ్చేసరికి పుండ్లు మానాలి. మానకపోతే మానేదాకా ఉంటాను.

సెలవు చీటీలో మొదట నిజమే రాశాను, మా మామకు పళ్లు కట్టడానికి అని. పళ్లు కట్టడానికి సెలవెందుకు, ఇది పళ్ల ఆస్పత్రే కదా అని తిప్పి పంపారు. రెండో చీటీలో 'పరీక్ష ఉంది' అని రాశాను. ఏ పరీక్ష అని కూడా అడక్కుండా ఇరవై రోజులు ఇచ్చారు. అబద్ధం రాశానని నాకు అనిపించలేదు.

శారద